గొర్రెల్ని పిలిచిన ల్యాప్‌టాప్

2018వ సంవత్సరం. దసరా వెళ్లిపోయి, జమ్మి ఆకు ఇంకా జనాల జేబుల్లో ఎండుతున్న రోజులు. కొత్తకోటలో హైవే పక్కన, ఒక మందుల దుకాణం పైన నా షాపు. ల్యాప్‌టాప్‌లు, కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేస్తాను. కింద బెంగళూరు బస్సు హారన్ కొడితే పైన నా బల్ల మీద స్క్రూలు వణుకుతాయి. ఆ వణుకులోనే ఇన్నేళ్ల నుంచి మదర్‌బోర్డుల మీద పని చేస్తున్నాను, చెయ్యి తప్పలేదు. నోరు మాత్రం అప్పుడప్పుడు తప్పుతుంది. "ఏం లేదక్కా, చిన్న ప్రాబ్లమే, అయిదు నిమిషాల పని" అంటూ మెట్లెక్కి వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చిన్నదో పెద్దదో చెప్పాల్సింది నేను కదా! అంత చిన్నదైతే ఇంట్లోనే చేసుకోవచ్చు కదా, మెట్లెక్కడం ఎందుకు?

లావణ్య ఆ మాట అనలేదు. అందుకే మొదటే నచ్చింది. కొత్తకోటలో ఒక ప్రైవేటు దవాఖానలో రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో ఉద్యోగం. వయసు పాతికకు అటూ ఇటూ. ల్యాప్‌టాప్‌ను పాత గొంగడి ముక్కలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొని వచ్చి బల్ల మీద దించింది.

"రూతక్కా, ఇది నడిచినంతసేపు మంచిగనే నడుస్తది. బంద్ చేసి మళ్ల చాలు చేస్తేనే లేస్తలేదు. రీస్టార్ట్ కొట్టినా గంతే. అప్‌డేట్ చేసినంక గిట్లయింది."

"దీంట్ల ఏమున్నయి? ఫోటోలా?"

"మా నాయిన గొంతున్నది."

ఇలాంటివి నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. పోయినవాళ్ల ఫోటోలు, పోయినవాళ్ల వీడియోలు. నేను కాస్త మెత్తబడి, "ఎప్పుడు పోయిండమ్మా?" అన్నాను.

"అయ్యో, పోలేదక్కా! ఇంటికాడ గుండ్రాయి లెక్క ఉన్నడు. గొంతే పోయింది."

నాలుక కరుచుకున్నాను. ఆ పిల్ల నవ్వేసింది కాబట్టి బతికిపోయాను.

వాళ్లది కొత్తకోట నుంచి కొల్లాపూర్ వైపు పోయే దారిలో ఒక ఊరు. తండ్రి బీరయ్య. తాతల నాటి నుంచి గొర్రెల మంద ఉన్న ఇల్లు. ఆయనకు గొంతులో క్యాన్సర్ వచ్చింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు మెడ దగ్గర చేసిన రంధ్రంలోంచి ఊపిరి ఆడుతుంది. తింటాడు, నడుస్తాడు, మందను తోలుకపోతాడు. మాట మాత్రం రాదు. ఈల కూడా రాదు. గొర్రెలను గొంతుతో కాచే మనిషికి ఊపిరి నోటిదాకా రాకుండా పోయింది.

ఆపరేషన్‌కు ముందు డాక్టర్ పిలిచి సంగతి చెప్పాడట. ఆ రోజు సాయంత్రమే లావణ్య తన ఫోన్ తండ్రి ముందు పెట్టి, "నాయినా, నీకు ఇగ రోజూ ఏమేం మాటలు కావాల్నో అన్నీ మాట్లాడు," అందట. ఆయన ఏడ్చాడట ముందు. తర్వాత మాట్లాడాడు. ఆకలైతే అనే మాట, నీళ్లడిగే మాట, భార్యను పిలిచే పిలుపు, కుక్కను అదిలించే కేక, గొర్రెలను దొడ్డికి పిలిచే పిలుపు. మంచివాళ్లతో మాట్లాడే మాటలు, మంచివాళ్లు కానివాళ్లతో మాట్లాడే మాటలు. అన్నీ దాంట్లోకి ఎక్కాయి.

"మరి ఫోన్లనే పెట్టియ్యకపోయినవా? గీ బరువెందుకు మోస్తున్నవ్?" అన్నాను. నా వృత్తి అడిగించిన ప్రశ్న అది.

"మా నాయిన చేతులు సూడలేదు నువ్వు. ముండ్లకంప కొట్టి కొట్టి వేళ్లన్నీ కాయలు గాసినయి. టచ్ ఫోన్‌కు ఆ వేలు తగిలిందో లేదో తెల్వది. తెలిసినా పక్కదాన్ని ఒత్తిండనుకుంటది. ఇగ సదువు రాదాయె. గందుకే గిట్ల జేసిన." అని మూత తెరిచింది.

నేను కీబోర్డు చూశాను. చూసి, చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టాను.

ఒక మీట మీద చిటికెడు ఉన్ని అతికించి ఉంది. ఒకదాని మీద చింతగింజ. ఒకదాని మీద వడ్లగింజ. ఎండు మిరపకాయ తొడిమ ఒకటి. బీడీ ఆకు ముక్క, అంగీ గుండీ, చిన్న గజ్జె, బస్ టికెట్ ముక్క. అక్షరాలు ఎక్కడా లేవు, అన్నీ ఇంట్లో ఉన్నవీ దారిలో దొరికినవీ. వేళ్లతో తడిమినా తెలుస్తుంది ఏది ఏదో. నేను ఎన్ని వందల కీబోర్డులు విప్పి కడిగి ఉంటానో నాకే తెలియదు. చదవడం రాని మనిషి చదువుకునేలా చేసిన కీబోర్డును ఆ రోజే చూశాను.

దవాఖానలో పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్ అది. లావణ్య దాంట్లో లినక్స్ వేసుకుంది. లినక్స్ అంటే కంప్యూటర్‌ను నడిపించే ఒక ఆపరేటింగ్ సిస్టమ్. ఓపెన్ సోర్స్ అంటారు దాన్ని. అంటే ఎవరైనా విప్పి చూడొచ్చు, తమకు కావాల్సినట్టు మార్చుకోవచ్చు, మార్చింది పదిమందికి పంచొచ్చు. రెడీమేడ్ అంగీ కాదు, కుట్లు విప్పి మన కొలతకు మళ్లీ కుట్టుకునే అంగీ. ఒక మీట నొక్కితే ఒక మాట వినిపించే ప్రోగ్రాం ఆమె ఇంటర్నెట్‌లో ఒక గ్రూపులో అడిగి అడిగి నేర్చుకుందట. "ప్రోగ్రాం రాసే పని ఎక్కువ ఒకాయననే జేసిండక్కా. ఆయన పేరేందో, ఏ దేశమో గూడ నాకు తెల్వది. గొర్ల కోసమని చెప్తే ఖుష్ అయిండు," అంది. ముక్కూ ముఖం తెలియని మనిషి, ఎక్కడో కూర్చొని, కొల్లాపూర్ దారిలో ఒక కాపరి గొంతు కోసం పని చేశాడు. ఈ పనిలో ఉంటూ నేను అంతకుముందు ఆ సంగతి ఎన్నడూ అలా ఆలోచించలేదు.

"జల్దీ చెయ్యి అక్కా," అంది లావణ్య. అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. ల్యాప్‌టాప్ లేవడం ఆగినప్పటి నుంచి సాయంత్రం మందను దొడ్డికి పిలిచే గొంతే లేదు. మూడు నాలుగు జీవాలు పక్క మందల్లో కలిసిపోయాయి. తండ్రి రెండు రోజులు చూసి, చేతులతో సైగ చేసి, మందను అమ్మేద్దామన్నాడట. "గొంతు లేనోనికి గొర్లెందుకు" అనేది తల్లి ఆ సైగకు చెప్పిన అర్థం. బేరగాడు వచ్చి చూసిపోయాడు. వచ్చే సంతకు మంద పోతుంది.

"గొర్లు పోతే మా నాయిన బతుకడు అక్కా," అంది. ఆ మాట అనేటప్పుడు మాత్రం నవ్వలేదు.

నేను ముందు చేసే పని ఎప్పుడూ ఒకటే. లోపలున్న డేటాను ఇంకో చోటికి కాపీ చేసుకుంటాను. దాన్నే బ్యాకప్ అంటాం. బీరయ్య మాటలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి లావణ్య చేతిలో పెట్టాను. తర్వాత ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేశాను.

లేచింది. లోగో వచ్చింది, లాగిన్ అడిగే తెర వచ్చింది, లావణ్య పాస్‌వర్డ్ కొట్టింది, లోపలికి పోయింది. మళ్లీ చేశాను. మళ్లీ లేచింది. పూర్తిగా ఆపి, చార్జర్ పీకి, పెట్టి, ఎన్ని రకాలుగా చేసినా బుద్ధిమంతురాలిలా లేస్తోంది.

"లేస్తాంది గదమ్మా!"

"ఇంటికాడ లేస్తలేదక్కా, ఒట్టు!"

మెకానిక్ ముందు బండి ఎప్పుడూ మంచిగానే స్టార్టవుతుంది. ఆ సామెత ఎవరన్నారో గానీ మా వృత్తికి శాపం. ప్రోగ్రాం నడుస్తోందా లేదా చూద్దామని నేను ఏదో ఒక మీట నొక్కాను. మిరపతొడిమ అది. నా షాపులో ఒక మగమనిషి గొంతు గట్టిగా, పక్కనే నిలబడి ఉన్నట్టు, "ఓరి నీ తాడు దెగ! పో అవతలికి!" అని అరిచింది.

ప్రింటర్ కోసం వచ్చి కూర్చున్న మనిషి లేచి నిలబడ్డాడు. లావణ్య నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని నవ్వుతోంది, కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. నేను మాత్రం ఆ గొంతునే వింటున్నాను. బొంగురు గొంతు, మధ్యలో బీడీ దగ్గు. లోకంలో ఇప్పుడు ఏ మనిషి దగ్గరా లేని గొంతు అది.

బస్ టికెట్ ముక్క ఉన్న మీట చూపించి, "ఇదేం మాట?" అన్నాను.

"అది ఒత్తకక్కా. నేను ఊరికెంచి బస్సెక్కేటప్పుడే ఒత్తుతడు."

ఊరుకున్నాను. కీబోర్డు కింద, చెయ్యి ఆనించే జాగాలో, ఎడమ అంచుకు రూపాయి బిళ్లంత గుండ్రటి రేకు ఒకటి అంటించి ఉంది. దాని మీద పసుపు, కుంకుమ.

"మరి ఇదేం మాట?"

"అది మాట గాదు. మా అమ్మది. దసరాకు పెట్టింది. దాన్ని ముట్టకు."

ముట్టలేదు. మాది చర్చికి పోయే ఇల్లు. కస్టమర్ల దేవుళ్ల జోలికి పోకపోవడం ఈ పనిలో నేను మొట్టమొదట నేర్చుకున్న సంగతి. దసరా వెళ్లాక వచ్చే ప్రతి యంత్రానికీ ఎక్కడో ఒక చోట బొట్టు ఉంటుంది. కుంకుమ మీటల సందుల్లోకి పోతే బ్రష్‌తో దులుపుతాను గానీ బొట్టు తుడవను.

అప్‌డేట్ తర్వాతే మొదలైందని ఆ పిల్ల అన్నది కదా, దాన్నే పట్టుకున్నాను. అప్‌డేట్‌తో కొత్త కెర్నల్ వస్తుంది. కెర్నల్ అంటే లినక్స్‌కు గుండెకాయ. కొత్తది కొన్ని పాత ల్యాప్‌టాప్‌లకు పడదు, రీస్టార్ట్ దగ్గరే మొండికేస్తుంది. పాత కెర్నల్‌కే తిప్పాను. ర్యామ్ తీసి తుడిచి పెట్టాను. హార్డ్‌డిస్క్ పరీక్షించాను. పంపించేశాను.

మర్నాడు ఫోన్. "లేస్తలేదక్కా."

మళ్లీ తెచ్చింది. మళ్లీ నా ముందు ఠంచనుగా లేచింది. ఈసారి కరెంటును తిట్టుకున్నాను. ఊళ్లల్లో వోల్టేజ్ ఎక్కువ తక్కువలు అవుతాయి, చార్జర్లు పాడవుతాయి. నా సొంత చార్జర్ ఇచ్చి పంపాను. మర్నాడు మళ్లీ అదే ఫోన్. అయితే ఈసారి ఆ పిల్ల గొంతు మారింది.

"ఇడిసిపెట్టు రూతక్కా. రేపే సంత. మా నాయిన నా మొఖం గూడ సూస్తలేడు."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఆ డబ్బా మీద. నా ముందు పతివ్రత వేషం వేసి ఇంటికి పోయి చచ్చినట్టు పడుకుంటుందా! షాపు షట్టర్ దించి, స్క్రూడ్రైవర్ల సంచి భుజానికేసుకొని, లావణ్యతో కలిసి మధ్యాహ్నం బస్సెక్కాను.

ఊరి చివర ఇల్లు. వెనుక కంపతో వేసిన దొడ్డి. వాకిట్లో కుక్క. బీరయ్య గోడకు ఆనుకొని గొంతుక్కూర్చొని ఉన్నాడు, మెడకు పలచటి బట్ట కట్టుకొని. పొడుగాటి మనిషి. నన్ను చూసి లేచి చెయ్యెత్తి దండం పెట్టాడు. తల్లి ఎల్లమ్మ మంచం వాల్చింది. నేను గడప దగ్గర ఆగాను, మాకు అది అలవాటు. "గాడనే నిలవడ్డవేంది బిడ్డా, లోపలికి రా," అంది. లోపలికి పోయాను.

"నేనేం ముట్టుకోను. రోజూ ఎట్ల చేస్తరో మీరే చెయ్యుండ్రి. నేను కూసొని సూస్త," అన్నాను.

లావణ్య గోడ గూటిలో ల్యాప్‌టాప్ పెట్టి మూత తెరిచింది. ఒక వైరు గోడ బయట కట్టిన చిన్న మైకుకు పోతుంది, కూరగాయల బండ్ల మీద ఉండేలాంటిది. అప్పుడు ఎల్లమ్మ చేతులు కడుక్కొని, లోపలి నుంచి బొటనవేలంత శివుడి బొమ్మను తెచ్చింది. ఆ ఇంట్లో శివుడంటే మల్లన్నే. కార్లల్లో స్టీరింగ్ ముందు పెట్టుకుంటారే, ఆ బొమ్మ. కళ్లకద్దుకొని, ఎడమ అంచున ఉన్న ఆ రేకు మీద పెట్టింది. టక్కున అతుక్కుంది. "ఇగ చాలు చెయ్యి," అంది కూతురితో.

దసరాకు వాళ్లింట్లో ఆయుధపూజ చేశారు. ఉన్ని కత్తిరించే కత్తెర, గొడ్డలి, కర్ర, వాటి పక్కన బీరయ్య గొంతు. ఆయన పనిముట్లలో అన్నిటికంటే పెద్దది అదే కదా! దవాఖానలో ప్రాణం కాపాడిన మల్లన్న ఈ గొంతుకు కూడా కాపలా ఉండాలని ఎల్లమ్మ ఆ రోజే ఆయన్ను అక్కడ కూర్చోబెట్టింది. షాపుకు తెచ్చేటప్పుడు మాత్రం ప్రతిసారీ తీసి దేవుడి దగ్గర పెట్టేది. దేవుణ్ణి రిపేరు కొట్టుకు ఎవరు పంపుతారు?

లావణ్య బటన్ నొక్కింది. లోగో వచ్చింది. తెర ఒక్క క్షణం వెలిగి, ఆరిపోయింది.

"సూసినవా అక్కా!"

చూశాను. తెరను కాదు, అంచున ఉన్న చిన్న లైటును చూశాను. అది మెల్లగా వెలుగుతోంది, మెల్లగా ఆరుతోంది, మళ్లీ వెలుగుతోంది. పడుకున్న మనిషి ఛాతీలాగా.

"ఇది చావలేదు. నిద్రపోతాంది!" అని అరిచాను.

బటన్ నొక్కితే లేస్తోంది, లాగిన్ తెర మెరుస్తోంది, మళ్లీ పడుకుంటోంది. మూత మూస్తేనే ల్యాప్‌టాప్ అలా పడుకుంటుంది. మూత మాత్రం బార్లా తెరిచి ఉంది. మూత మూశామని దానికి ఎలా తెలుస్తుంది? తెర అంచులో గోరంత అయస్కాంతం ఉంటుంది. కింద దానికి ఎదురుగా ఒక సెన్సర్ ఉంటుంది. మూత దగ్గరికి రాగానే అయస్కాంతం సెన్సర్ మీదికి వస్తుంది. మూశారు కాబట్టి ఇక పడుకోవచ్చని యంత్రం అనుకుంటుంది.

నా చూపు మల్లన్న మీదికి పోయింది. సంచిలోంచి సన్న స్క్రూడ్రైవర్ తీసి బొమ్మ దగ్గరగా పట్టుకున్నాను. దాని మొన దానంతట అదే బొమ్మ కిందికి లాక్కుపోయింది.

కానీ ఇన్నాళ్లు ఎలా నడిచింది? అది లావణ్యను అడిగితే తెలిసింది. ఎప్పుడో ఒకసారి బీరయ్య మాట మధ్యలో ఉండగా ఎల్లమ్మ అలవాటుగా మూత మూసింది, గొంతు ఆగిపోయింది. అప్పటినుంచి మూత మూసినా పడుకోకుండా లావణ్య సెట్టింగ్ మార్చింది. ఆ సెట్టింగ్ ఆమె పేరు మీద లాగిన్ అయ్యాకే పనిచేస్తుంది. లాగిన్ కాకముందు యంత్రానికి దాని పాత నియమమే. దసరా నాడు అది నడుస్తూ ఉంది కాబట్టి మల్లన్న వచ్చి కూర్చున్నా ఏమీ కాలేదు. రోజులు గడిచాయి. అప్‌డేట్ చేసి రీస్టార్ట్ కొట్టిన రోజు, లాగిన్ గడప దగ్గరే నిద్ర ముంచుకొచ్చింది. పాపం, నింద అప్‌డేట్ మీద పడింది.

కనుక్కోవడం అయింది. చెప్పడమే కష్టం. నా మెడలో శిలువ ఉంది. ఎదురుగా భర్త గొంతు కోసం దేవుణ్ణి కూర్చోబెట్టిన మనిషి ఉంది. మింగలేక కక్కలేక కూర్చున్నాను. చివరికి, "అమ్మా, బొమ్మ కింద అయస్కాంతం ఉన్నది. అది ఆ జాగల ఉన్నంతసేపు ఇది లేవదు," అన్నాను.

ఎల్లమ్మ ముఖం మాడిపోయింది.

"అంటే నా దేవుడే ఆయన నోరు మూసిండంటవా? దవాఖానల ఆయన పానం నిలవెట్టింది ఎవరు?"

"దేవుడు గాదమ్మా, అయస్కాంతం..."

"నువ్వు గట్లనే అంటవ్ తియ్యి!"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. లావణ్య "అమ్మా!" అని కసిరింది. నేను సంచి సర్దుకోవడానికి వంగాను, అబద్ధమెందుకు.

అప్పుడు బీరయ్య కదిలాడు. మాట రాని మనిషి, అంతసేపూ మా ముగ్గురి ముఖాలు మార్చి మార్చి చూస్తున్నాడు. లేచి వచ్చి, రెండు చేతులూ జోడించి మల్లన్నకు మొక్కాడు. మెల్లగా ఎత్తుకొని, భుజం మీద గొంగడి మడతలో పెట్టుకున్నాడు. తర్వాత ఆ కాయలు కాసిన వేలితో తనే బటన్ నొక్కాడు.

తెర వెలిగింది. లాగిన్ తెర వచ్చింది. అది ఆరలేదు.

లావణ్య తొందరలో పాస్‌వర్డ్ ఒకసారి తప్పు కొట్టింది. రెండోసారికి తలుపు తెరుచుకుంది. బీరయ్య కీబోర్డు మీద చెయ్యి ఆడించి, ఉన్ని అతికించిన మీట దగ్గర ఆగి, నొక్కాడు.

గోడ బయట మైకులోంచి పిలుపు లేచింది. నాలుకను అంగిలికి కొట్టి "ట్ర్ ర్ ర్" అని లాగి, చివర "దా దా దా దా" అని దించిన పిలుపు. అందులో మాటలంటూ లేవు. బయట కుక్క చెవులు నిక్కబొడిచింది. నేను గడప దాటి వచ్చి నిలబడ్డాను. ఎదుటి బీడులో, ఆ రోజు బీరయ్య బదులు పక్కింటి మనిషి తోలుకొస్తున్న వాళ్ల మంద ఒక్కసారిగా ఆగింది. తలలు లేచాయి. ఆయన మళ్లీ నొక్కాడు. మంద కదిలింది. ముందు ఒక ముసలి గొర్రె, వెనుక అన్నీ, దుమ్ము లేపుకుంటూ, అరుచుకుంటూ, తోలే మనిషిని దాటేసి ఇంటి మీదికి పరుగెత్తుకొచ్చాయి. నా కాళ్ల పక్కనుంచి, నన్ను రాసుకుంటూ, గోడకు కట్టిన ఆ మైకు కింద గుమిగూడి తలలెత్తి చూస్తున్నాయి.

మనిషి లోపల ఉన్నాడు, నోరు కదలడం లేదు. గొంతు గోడ మీద ఉంది. అయినా అవి గుర్తుపట్టాయి. నేను ప్రార్థనకు కూడా అంత నిశ్శబ్దంగా ఎన్నడూ నిలబడలేదు.

ఆ సందట్లోనే బేరగాడు బండి దిగి వచ్చాడు, పొద్దున మందను తీసుకపోయే ఏర్పాటు మాట్లాడడానికి. "బీరయ్యమామా, తెల్లారంగ బండి తెస్త, తయారుంచు," అన్నాడు లోపలికి తొంగిచూస్తూ. బీరయ్య అతణ్ణి చూశాడు. కీబోర్డును చూశాడు. వేలు తీసుకపోయి మిరపతొడిమ మీద పెట్టాడు.

"ఓరి నీ తాడు దెగ! పో అవతలికి!"

ఊరంతా వినపడేలా మైకులోంచి వచ్చింది. బేరగాడు రెండడుగులు వెనక్కి వేసి, ఒక గొర్రె మీద పడబోయి నిలదొక్కుకొని, "అబ్బ! మామ గొంతు లేసిందిరో!" అని తనే ముందు నవ్వాడు. ఎల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. బీరయ్య భుజాలు కదులుతున్నాయి, చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు.

నేను లోపలికి పోయి మిగతా పని పూర్తి చేశాను. లాగిన్ కాకముందు కూడా మూత సంగతి పట్టించుకోవద్దని సిస్టమ్ సెట్టింగ్ మార్చాను. ఎల్లమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"ఇన్నొద్దులు నేనే ఆయన నోరు మూసిన్నా బిడ్డా?" అంది చివరికి, చిన్నగా.

"లేదమ్మా. కాపలా వెట్టినవ్. కాపలోడు తలుపుకు అడ్డం కూసున్నడు, గంతే."

ఆమె బీరయ్య భుజం మీది గొంగడి మడత వైపు చూసింది. "అయితే మల్లన్న జర జరిగి కూసుంటడు తియ్యి. ఏడ కూసుంటే మంచిదో నువ్వే సూపియ్యి."

నేను సెన్సర్ ఉన్న చోటు వెతికి, దానికి దూరంగా కుడివైపు పైమూల చూపించాను. రేకు నాతోనే అంటింపజేసింది. మల్లన్నను ఆమె పెట్టింది. పెట్టి ఆపి, చాలు చేసి చూశాం. లేచింది. చర్చికి పోయే నేను ఆ ఇంటి దేవుడికి జాగా చూపించాను. ఆ సంగతి మా అమ్మకు చెప్తే చాలాసేపు నవ్వి, "మంచి జాగనే సూపినవా మరి?" అని అడిగింది.

వడ్లగింజ మీట నొక్కి బీరయ్య నన్ను అన్నానికి కూర్చోమన్నాడు. జొన్నరొట్టె, గోంగూర పప్పు తిని, ఆఖరు బస్సు తప్పకూడదని లేచాను. ఆయన గూటి దగ్గరికి పోయి, నా వైపు చూసి, బస్ టికెట్ ముక్క ఉన్న మీట నొక్కాడు.

"పైలం బిడ్డా. చేరినంక ఫోన్ చెయ్యి."

తల ఊపి బయటపడ్డాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చొని దారంతా ఆలోచించాను. షాపులో రెండుసార్లు ఆ రేకును చూశాను. ముట్టకు అన్నారని ముట్టలేదు, అది సరే. కానీ ముట్టకపోవడం వేరు, అడగకపోవడం వేరు. దాని మీద ఏముంటుందమ్మా అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అప్పటినుంచి షాపులో మంచిగా ఉండి ఇంట్లో మొండికేసే యంత్రం ఏది వచ్చినా, "ఇంటికాడ దీని పక్కన ఏముంటది, మీద ఏముంటది, ఎవరు ఎట్ల పెడ్తరు, అన్నీ చెప్పు," అంటాను. దేవుడుంటే దేవుడి గురించి కూడా అడుగుతాను. ఎవరూ కోపం చేసుకోలేదు ఇంతవరకు. అడిగితే ఎంతో సంబరంగా చెప్తారు.

కొత్తకోటలో బస్సు దిగి, షాపు మెట్ల దగ్గరే నిలబడి ఫోన్ చేశాను. ఎల్లమ్మ ఎత్తింది. "ఆగు బిడ్డా, ఆయనకిస్త," అంది. మాట రాని మనిషికి ఫోన్ ఇవ్వడమేమిటని నేను అనుకునేలోపే అవతల నిశ్శబ్దం వచ్చింది. మెడలోంచి ఆడుతున్న ఊపిరి వినిపించింది.

"చేరిన నాయినా," అన్నాను.

మీట టక్కుమంది.

"ఆఁ, మంచిది బిడ్డా," అన్నాడు బీరయ్య.